ఎచ్చెర్లలో అంబేడ్కర్ పేరు అడుగుతున్న లెక్క

ఒక విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టించుకోవడానికి మరఠ్వాడా దళితులు పదహారేళ్లు పోరాడవలసి వచ్చింది. 1978 జూలై 27న మహారాష్ట్ర చట్టసభలు పేరు మార్పు తీర్మానాన్ని ఆమోదించగానే అక్కడి గ్రామాల్లో దళితవాడలు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. చివరకు 1994 జనవరి 14న, పాత పేరులోని మరఠ్వాడాను కూడా నిలుపుకొంటూ, ఆ విశ్వవిద్యాలయం అంబేడ్కర్ పేరును ధరించింది. మన రాష్ట్రంలో కోనసీమ జిల్లాకు అదే పేరు చేర్చాలన్నప్పుడు 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. ప్రజాప్రతినిధుల ఇళ్లకే నిప్పు పెట్టారు. ఈ రెండు ఘటనల పక్కన శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లను నిలిపి చూడాలి. అక్కడ 2008 జూన్ 25న ఏర్పడిన ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు అలాంటి మంటలేవీ లేకుండానే వచ్చింది.

దీన్ని ఉత్తరాంధ్ర సంస్కారంగా చెప్పుకోవచ్చు. అందులో కొంత నిజముంది. అయితే పోరాడి తెచ్చుకున్న పేరుకు కాపలా కాసేవాళ్లుంటారు. ప్రభుత్వ ఉత్తర్వులో ఉదారంగా వచ్చిన పేరును బోర్డు మీద రాసి మరచిపోవడం తేలిక. పదిహేనేళ్లు దాటిన ఆ విశ్వవిద్యాలయ చరిత్రను, దాని నేటి స్థితిని ఆ పేరు ముందు నిలబెట్టి లెక్క అడగవలసిన సమయం వచ్చింది. ఈ లెక్క ఒక్క ఎచ్చెర్లకే పరిమితమైనది కాదు. వెనుకబడిన ప్రాంతంలో, వెనుకబడిన కులాల మధ్య నెలకొల్పిన ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయానికీ ఇది వర్తిస్తుంది.

ముందు చరిత్ర చూద్దాం. ఉత్తరాంధ్రకు ఉన్నత విద్య ఆలస్యంగా వచ్చిందనడం సగం నిజమే. విజయనగరం మహారాజా కళాశాల 1879 నాటికే ఉంది. గురజాడ అప్పారావు అక్కడ చదివారు, అక్కడే పాఠం చెప్పారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి, 1930లో వాల్తేరుకు చేరింది. దాని ఎదుగుదలకు జయపురం రాజా విక్రమదేవ వర్మ ఇచ్చిన దానాలు తోడ్పడ్డాయి. సంస్థలు దగ్గరలోనే ఉన్నాయి. వాటి గడప తొక్కగలిగే స్థితి మాత్రం అందరికీ లేదు. సంస్థానాల నీడలో పెరిగిన ఆంగ్ల విద్య అగ్రవర్ణాల ఇళ్లలో గుమాస్తాలను, వకీళ్లను, పండితులను తయారు చేసింది. వంశధార, నాగావళి తీరాల్లో నాగలి పట్టినవారికి, సముద్రంలో వల వేసినవారికి, ఊరి చివర పాకీ పని చేసినవారికి, సీతంపేట కొండల్లో పోడు కొట్టినవారికి ఆ విద్య దాదాపు అందలేదు.

శ్రీకాకుళం 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి విడివడి జిల్లా అయింది. అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టి ఇరవై నాలుగేళ్లు. జిల్లా గడ్డ మీద స్నాతకోత్తర చదువు మొదలు కావడానికి మరో ఇరవై ఏడేళ్లు పట్టింది. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం శ్రీకాకుళంలో పీజీ విస్తరణ కేంద్రాన్ని తెరిచింది. ఈ మధ్యకాలంలో జిల్లా చరిత్రలో ఏం జరిగిందో విస్మరించలేం. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. భూమి కోసం, వెట్టి నుంచి విముక్తి కోసం సాగిన ఆదివాసీ పోరాటం సాయుధ రూపం తీసుకుంది. దానికి నాయకత్వం వహించిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. కొండల్లోకి ప్రభుత్వం బడిని పూర్తిగా పంపకముందే బడిపంతులే రాజకీయాన్ని తీసుకువెళ్లిన ప్రాంతమిది. 1970లో షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన కట్టుదిట్టమైంది, ఆ తర్వాత గిరిజనాభివృద్ధి సంస్థలు వచ్చాయి. ఉన్నత విద్య ఆ వరుసలో చివరన వచ్చింది.

విస్తరణ కేంద్రం అనే మాటలోనే దాని పరిమితి ఉంది. పాఠ్యప్రణాళిక వాల్తేరులో తయారవుతుంది. పోస్టులు వాల్తేరు లెక్కలో ఉంటాయి. నిర్ణయాలు వాల్తేరులో జరుగుతాయి. ఇచ్ఛాపురం విద్యార్థికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పాలనా భవనమే దిక్కు. అయినా ముప్పై ఒక్క ఏళ్ల పాటు ఆ కేంద్రమే జిల్లాలో మొదటి తరం పట్టభద్రులకు ఎమ్మే, ఎమ్మెస్సీ చదువును చేరువ చేసింది. 2008లో అది స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. జిల్లాలోని డిగ్రీ కళాశాలలకు అనుబంధ విశ్వవిద్యాలయమైంది. కాబట్టి 2008 ఉత్తర్వు నిజంగా తెచ్చిన మార్పు భవనాల్లో లేదు. తన విద్యార్థులకు ఏం చెప్పాలో, ఎవరు చెప్పాలో తానే నిర్ణయించుకునే అధికారం ఈ ప్రాంతానికి మొదటిసారిగా చిక్కింది. ఆ అధికారాన్ని వాడుకునే శక్తి దానికి ఇచ్చామా అన్నదే అసలు ప్రశ్న.

ఈ విశ్వవిద్యాలయం ఎవరి కోసం ఉన్నదో జనాభా లెక్కలు చెబుతాయి. 2011లో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67.02 శాతం. శ్రీకాకుళం 61.74 శాతం, విజయనగరం 58.89 శాతం. డెల్టా జిల్లాలతో పోలిస్తే కుల నిర్మాణం కూడా ఇక్కడ వేరు. జనాభాలో అత్యధికులు వెనుకబడిన తరగతులవారు. తూర్పు కాపు, కొప్పుల వెలమ, కాళింగ, రెడ్డిక, శ్రీశయన, యాత, జాలరి, వాడబలిజ వంటి కులాలున్నాయి. వీటన్నింటినీ బీసీ అనే రెండక్షరాలతో కలిపి కట్టేస్తే సత్యం కనపడదు. కొన్నింటికి భూమి ఉంది, రాజకీయ పదవులున్నాయి. కొన్నింటికి పడవ తప్ప మరో ఆస్తి లేదు. చేపల వేట కోసం ఇక్కడి మత్స్యకారులు గుజరాత్ రేవులకు వలస పోతారు. 2018లో అలా వెళ్లినవారే సముద్ర సరిహద్దు దగ్గర పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరి దాకా అక్కడి జైల్లో మగ్గారు. షెడ్యూల్డు కులాల్లోనూ ఇదే అసమానత. మాలలతో పాటు రెల్లి, పైడి, దండాసి, బవురి, ఘాసి వంటి చిన్న కులాలు ఇక్కడే ఎక్కువగా కనిపిస్తాయి. ఇక సవర, జాతాపు, గదబ, కొండదొర తెగల సంగతి సరేసరి.

ఈ సంక్లిష్టతను అర్థం చేసుకోకపోతే ఏమవుతుందో లక్ష్మీపేట చెప్పింది. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపారు. మడ్డువలస జలాశయం కోసం సేకరించగా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకోవడం వివాదానికి మూలం. దాడికి పాల్పడినవారు బీసీ జాబితాలోనే ఉన్న, ఊళ్లో భూమి మీద పట్టున్న కులానికి చెందినవారు. 1985 కారంచేడు, 1991 చుండూరు నుంచి మనం నేర్చుకున్న విశ్లేషణ అగ్రకుల భూస్వామ్యానికి, దళిత ఆత్మగౌరవానికి మధ్య ఘర్షణగా కుల సమస్యను చూపింది. లక్ష్మీపేట ఆ చట్రంలో పూర్తిగా ఇమడలేదు. రిజర్వేషన్ జాబితాలో పక్కపక్కన ఉన్నవారే ఊళ్లో ఎదురెదురుగా నిలబడగలరని అది నిరూపించింది. ఈ కొత్త ప్రశ్నను ఏళ్ల తరబడి పరిశోధించి, గ్రామగ్రామాన భూమి లెక్కలు సేకరించి, సిద్ధాంతీకరించవలసింది ఎవరు? హైదరాబాదు నుంచో ఢిల్లీ నుంచో నిజనిర్ధారణ బృందాలు వస్తాయి, నివేదిక ఇచ్చి వెళ్లిపోతాయి. స్థానికంగా నిలిచి చేసే పని స్థానిక విశ్వవిద్యాలయానిదే. అంబేడ్కర్ పేరున్న విశ్వవిద్యాలయానిది మరీనూ.

ఆ పనికి మనుషులు కావాలి. ఇక్కడే పేరుకూ వాస్తవానికీ మధ్య అగాధం మొదలవుతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత అధ్యాపక నియామకాలు ఏళ్ల తరబడి స్తంభించాయి. 2023లో ప్రభుత్వం 3,220 పోస్టుల భర్తీకి ప్రకటనలు ఇప్పించింది. ఖాళీల పరిమాణానికి ఆ అంకె ప్రభుత్వమే ఇచ్చిన సాక్ష్యం. ఆ ప్రక్రియ న్యాయ వివాదాల్లో చిక్కుకుంది. ఎచ్చెర్ల ఈ దుస్థితికి మినహాయింపు కాదు. ఒప్పంద, అతిథి అధ్యాపకుల శ్రమ మీద తరగతులు నడుస్తున్నాయి. వారి నిబద్ధతను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తక్కువ జీతానికి, వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియని స్థితిలో వారు పాఠం చెబుతున్నారు కాబట్టే ఈ సంస్థలు మూతపడలేదు. ఆ అభద్రతను ఒక విధానంగా మార్చుకున్న వ్యవస్థనే ప్రశ్నించాలి.

పోస్టు ఖాళీగా ఉంటే నష్టం అందరికీ సమానమే కదా అని కొందరంటారు. సమానం కాదు. రిజర్వేషన్ అనేది మంజూరైన శాశ్వత పోస్టుకు అంటుకుని ఉండే హక్కు. పోస్టు భర్తీ కాకపోతే ఆ హక్కు కాగితం మీద ఉంటుంది. తాత్కాలిక నియామకంలో రోస్టర్ క్రమం, బ్యాక్‌లాగ్ లెక్క, పదోన్నతి అన్నీ మసకబారతాయి. పలుకుబడి ఉన్నవాడు తాత్కాలిక ఉద్యోగంలోనూ నిలదొక్కుకుంటాడు. ఇంటి నుంచి మొదటిసారి విశ్వవిద్యాలయానికి వచ్చిన రెల్లి యువతికి ప్రకటన, రోస్టర్, ఎంపిక కమిటీ తప్ప మరో అండ లేదు. నియామకాలను ఆపివేయడమంటే ఆమెకున్న ఒకే తలుపును మూసివేయడమే.

రెండో అంశం రోస్టర్ గణితం. 2017లో అలహాబాద్ హైకోర్టు రిజర్వేషన్‌కు విశ్వవిద్యాలయం మొత్తాన్ని కాక ఒక్కో శాఖను యూనిట్‌గా తీసుకోవాలని తీర్పు చెప్పింది. 2018 మార్చిలో యూజీసీ దాన్ని అమలు చేయమంది. కేంద్ర రిజర్వేషన్ శాతాల ప్రకారం అలా లెక్కిస్తే షెడ్యూల్డు కులాలకు తొలి పోస్టు ఏడో స్థానంలో, షెడ్యూల్డు తెగలకు పద్నాలుగో స్థానంలో వస్తుంది. నాలుగైదు పోస్టులున్న శాఖలో దళితుడి వంతు ఒక తరం గడిచినా రాదు, ఆదివాసీ వంతు రెండు తరాలు గడిచినా రాదు. దేశవ్యాప్తంగా ఆందోళన జరిగాక 2019 మార్చిలో ఆర్డినెన్సు, ఆ తర్వాత కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక రిజర్వేషన్ చట్టం వచ్చాయి. సంస్థ మొత్తమే యూనిట్ అని ఆ చట్టం స్పష్టం చేసింది. అయితే అది వర్తించేది కేంద్ర సంస్థలకే. మన రాష్ట్ర శాతాలు, రోస్టర్ వరుస వేరైనా సూత్రం ఒకటే. శాఖలు ఎంత చిన్నవైతే శాఖల వారీ లెక్క అంత ప్రమాదకరం. కొత్త విశ్వవిద్యాలయాల శాఖలన్నీ చిన్నవే.

మూడో అంశం అంతగా చర్చకు రాదు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పరిశోధనకు పర్యవేక్షకులుగా ఉండగలిగేది శాశ్వత అధ్యాపకులే. ఒక ఆచార్యుడు ఒక సమయంలో ఎనిమిది మందికి, సహ ఆచార్యుడు ఆరుగురికి, సహాయ ఆచార్యుడు నలుగురికి మించి పర్యవేక్షించరాదు. శాశ్వత అధ్యాపకులు లేని శాఖలో పీహెచ్‌డీ సీటు ఉండదు. సీటు లేకపోతే స్థానిక విద్యార్థి వాల్తేరుకో హైదరాబాదుకో పోవాలి. పోలేనివాడు పీజీతో ఆగిపోతాడు. పదేళ్ల తర్వాత నియామకాలు జరిగినప్పుడు రిజర్వుడు పోస్టుకు అర్హులైన అభ్యర్థులు దొరకలేదన్న మాట వినిపిస్తుంది. అభ్యర్థి దొరకకపోవడానికి కారణం అంతకు ముందు దశాబ్దంలో అధ్యాపకుణ్ని నియమించకపోవడమే. ప్రతిభ లేదనే వాదన వెనుక ఈ గొలుసు ఎప్పుడూ కనపడకుండా ఉంటుంది.

షెడ్యూల్డు కులాల వర్గీకరణ నేపథ్యంలో ఈ విషయం మరింత తక్షణమైనది. 2004లో చిన్నయ్య కేసు తీర్పుతో ఆగిన వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దారి తెరిచింది. 2025లో రాష్ట్రం తెచ్చిన వర్గీకరణలో రెల్లి ఉపకులాల గ్రూపుకు 1 శాతం, మాదిగ గ్రూపుకు 6.5 శాతం, మాల గ్రూపుకు 7.5 శాతం కేటాయించారు. మొదటి గ్రూపులోని పన్నెండు కులాల్లో చాలావరకు ఉత్తరాంధ్ర కులాలే. వర్గీకరణ మంచిచెడ్డల మీద భిన్నాభిప్రాయాలున్నాయి, ఉంటాయి. అంకగణితం మీద అభిప్రాయభేదం ఉండదు. ఒక శాతమంటే నూరు పోస్టులకు ఒకటి. నియామకాలే లేనిచోట ఆ ఒకటి ఎన్నటికీ రాదు. అతి చిన్న కులాలకు చట్టం ఇచ్చిన వాటాను ఖాళీ పోస్టు నిశ్శబ్దంగా లాక్కుంటుంది. వర్గీకరణను సమర్థించేవారూ, వ్యతిరేకించేవారూ కలిసి అడగదగిన డిమాండు ఒకటుంటే అది పోస్టుల భర్తీయే.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వచ్చాయి కదా, ప్రభుత్వమే అన్నీ ఎందుకు భరించాలన్నది మరో వాదన. 2016 చట్టంతో రాష్ట్రంలో ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు తలుపులు తెరుచుకున్నాయి. అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ పాటించవలసిన బాధ్యత వాటికి లేదు. మార్కెట్ అడగని చదువును అవి చెప్పవు. సామాజిక శాస్త్రాలకూ, తెలుగుకూ, గ్రామీణాభివృద్ధికీ అక్కడ చోటు దొరకడం అరుదు. పైగా 2020 డిసెంబరులో వెలువడిన 77వ నంబరు ఉత్తర్వు ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి బోధన రుసుముల చెల్లింపును నిలిపివేసింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరితేనే సాయమని చెప్పిన రాజ్యానికి, ఆ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పేవారిని నియమించే కర్తవ్యం రెట్టింపైంది.

విజయనగరం వైపు చూస్తే మరో అనుభవం ఎదురవుతుంది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం గిరిజన విశ్వవిద్యాలయాన్ని వాగ్దానం చేసింది. 2019 ఆగస్టులో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం చట్టబద్ధంగా ఏర్పడింది. కొండకరకంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ పాత పీజీ ప్రాంగణంలో తాత్కాలికంగా తరగతులు మొదలయ్యాయి. స్థలం మారి, మెంటాడ, దత్తిరాజేరు మండలాల పరిధిలో శాశ్వత ప్రాంగణానికి శంకుస్థాపన జరిగింది 2023 ఆగస్టు 25న. వాగ్దానానికీ పునాదిరాయికీ మధ్య తొమ్మిదేళ్లు. అక్కడ కేంద్ర చట్టం రక్షణ ఉంది, కేంద్ర నిధులున్నాయి. ఇక్కడ ఎచ్చెర్లలో రెండూ లేవు. రెండు సంస్థలూ కలిసి చేయగల పని మాత్రం చాలా ఉంది.

గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో. వ్యావహారిక భాషోద్యమకారుడిగా ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సవర భాషకు ఆయన చేసిన వ్యాకరణం, నిఘంటువుల గురించి మాట్లాడేవారు తక్కువ. 1931లో, 1938లో ఆ గ్రంథాలను మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. 1936లో ఒడిశా వైపు సవరలు తమ లిపిని తామే సృష్టించుకున్నారు. 2004 నుంచి మన రాష్ట్ర ప్రాథమిక పాఠశాలల్లో సవర సహా ఎనిమిది ఆదివాసీ భాషల్లో బోధనకు ప్రయత్నం మొదలైంది. ఒకటో తరగతిలో సవర భాషకు చోటిచ్చి, విశ్వవిద్యాలయంలో దానికి ఆచార్య పీఠం ఇవ్వకపోతే ఆ భాష ఎదగడం ఎలా? సవర తల్లి మాట తెలిసిన సవర ఆచార్యుడు ఆ పీఠంలో కూర్చున్న రోజున గిడుగు రుణం కొంత తీరుతుంది.

అంబేడ్కర్ విశ్వవిద్యాలయాల గురించి పైపైన మాట్లాడిన మనిషి కాదు. 1927లో బొంబాయి శాసన మండలిలో విశ్వవిద్యాలయ చట్ట సవరణ బిల్లు మీద చర్చలో, వెనుకబడిన వర్గాలకు సెనేట్‌లో ప్రాతినిధ్యం కావాలని వాదించారు. విశ్వవిద్యాలయం పరీక్షలు పెట్టి పట్టాలు పంచే కార్యాలయంగా మిగిలిపోరాదన్నది ఆయన దృఢమైన అభిప్రాయం. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి, మరుసటి ఏడాది సిద్ధార్థ కళాశాలను తెరిచి ఆ మాటను ఆచరణలో చూపారు. ఆయన అడిగినవి రెండే. జ్ఞానాన్ని సృష్టించే చోట మనవాళ్లుండాలి. నిర్ణయాలు తీసుకునే చోట మనవాళ్లుండాలి.

ఆ కొలబద్దతో చూస్తే చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. విశ్వవిద్యాలయం మొత్తాన్ని యూనిట్‌గా తీసుకునే అధ్యాపక రిజర్వేషన్ చట్టాన్ని 2019 కేంద్ర చట్టం బాటలో రాష్ట్ర శాసనసభ చేయాలి. ఉత్తర్వులు కోర్టుల్లో వీగిపోతున్నప్పుడు చట్టమే గట్టి పునాది. వివాదాలను త్వరగా పరిష్కరించి, కాలపరిమితి ప్రకటించి, శాశ్వత నియామకాలు జరపాలి. ఏళ్లుగా పనిచేస్తున్న ఒప్పంద అధ్యాపకుల అనుభవానికి అందులో న్యాయమైన విలువ ఇవ్వాలి. ప్రతి విశ్వవిద్యాలయం తన విద్యార్థులు, పరిశోధకులు, అధ్యాపకులు, పాలకమండలి సభ్యుల సామాజిక వివరాలను ఉపకులాల స్థాయి వరకు ఏటా ప్రచురించాలి. వ్యక్తుల పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. ఉత్తరాంధ్ర భూమి, కులం, వలస, ఆదివాసీ భాషల మీద దీర్ఘకాలిక అధ్యయన కేంద్రాన్ని ఎచ్చెర్లలో నెలకొల్పాలి. లక్ష్మీపేట మీద పని అక్కడి నుంచే మొదలు కావాలి.

డబ్బు ఎక్కడిదని ఆర్థికశాఖ అడుగుతుంది. ఆ ప్రశ్న విగ్రహాలకు, పేర్లకు, శంకుస్థాపనలకు అడ్డు రాలేదు. ప్రతి ఏప్రిల్ 14న పూలదండ వేసే ప్రభుత్వాలన్నీ, ఏ పార్టీవైనా, ఈ లెక్కకు జవాబుదారులే. ఇక్కడి ప్రజాప్రతినిధుల్లో అత్యధికులు వెనుకబడిన, దళిత, ఆదివాసీ వర్గాల నుంచి వచ్చినవారే కాబట్టి వారి బాధ్యత మరింత ఎక్కువ. తమ ఊరి పిల్లలకు పాఠం చెప్పే మనిషిని నియమించమని శాసనసభలో అడగడానికి ఏ అధిష్ఠానం అనుమతీ అవసరం లేదు.

ఎచ్చెర్లలో జాతీయ రహదారి మీద పోయే ప్రతివారికీ ఆ పేరు కనిపిస్తుంది. లోపలికి వెళ్లిన జాలరి బిడ్డకు, పైడి బిడ్డకు, సవర బిడ్డకు తన శాఖ తలుపు మీద శాశ్వత అధ్యాపకుల పేర్లు కనిపించాలి. వాటిలో తనవాళ్ల పేరు ఒకటైనా ఉండాలి. ఆ రోజు వచ్చేదాకా బోర్డు మీది పేరు మనం తీర్చవలసిన బాకీగానే నిలిచి ఉంటుంది.